హైలైన్: గుట్టల నడుమ నవారు నడక

రెండు శిలల నడుమ ఎత్తులో సన్నని నవారు బిగించి, నడుముకు రక్షణ తాడు కట్టుకుని దానిమీద నడిచే సాహస క్రీడ హైలైనింగ్. ఆ నవారు దారిని హైలైన్ అంటారు. మంచానికి అల్లే నవారు లాంటిదే ఇది. నూలుకు బదులు నైలాన్, పాలిస్టర్ దారాలతో నేస్తారు. వెడల్పు సాధారణంగా 25 మి.మీ., అంటే అంగుళం. నేలకు మోకాలెత్తున రెండు చెట్లకు కట్టి నడిచేది స్లాక్‌లైన్. కాలు జారితే నేలమీదికి దూకే వీలు లేక, రక్షణ తాడు మీద వేలాడాల్సినంత ఎత్తుకు చేరితే అదే హైలైన్ అవుతుంది.

చూసేవారి కళ్లన్నీ నడిచే మనిషి మీదే ఉంటాయి. క్రీడలో ముప్పాతిక పని మాత్రం నడక మొదలుకాక ముందే, రెండు ఒడ్డుల శిలల దగ్గర జరిగిపోతుంది. ఏ రాయిని నమ్మాలి, దానికి ఎలా కట్టాలి, ఎంత బిగించాలి అన్నవే హైలైన్‌లో అసలు విద్య. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్, బాల్కొండ వైపు గుట్టల్ని ఎరిగినవారికి ఈ విద్య సులువుగా బోధపడుతుంది. బండ, గుండు, పరుపుబండ అని రాయిని తీరుతీరుగా పిలిచే నేల అది.

పుట్టుక

ఎత్తున తాడు మీద నడవడం పాత విద్యే. ఫ్రెంచి కళాకారుడు బ్లాండిన్ 1859 జూన్ 30న నయాగరా లోయను తాడు మీద దాటాడు. ఫిలిప్ పెటీ 1974 ఆగస్టు 7న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాల మధ్య ఉక్కు తీగ మీద నడిచాడు. వీళ్లు నడిచిన తాడు, తీగ బిర్రుగా బిగించి ఉండేవి, చేతిలో పొడవాటి గడ ఉండేది. స్లాక్‌లైన్ దీనికి భిన్నం. నవారు సాగుతుంది, ఊగుతుంది, అడుగు వేసిన చోట కుంగుతుంది. చేతిలో గడ ఉండదు. చాచిన చేతులే తూకం.

ఈ కొత్త పద్ధతి అమెరికా కొండలెక్కే కుర్రవాళ్ల దగ్గర పుట్టింది. వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపియాలోని ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ విద్యార్థులు ఆడమ్ గ్రొసౌస్కీ, జెఫ్ ఎల్లింగ్టన్ 1970ల చివర కొండలెక్కడానికి వాడే నవారునే బిగించి నడవడం సాధన చేశారు. 1983లో స్కాట్ బాల్కమ్, అతని మిత్రులు కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక వంతెన కమానుల కింద నవారు కట్టి నడిచారు. హైలైన్ చరిత్రలో పెద్ద మలుపు మాత్రం యోసెమిటీ లోయలోని లాస్ట్ యారో స్పైర్. కొండ అంచు నుంచి విడివడి నిలిచిన ఆ శిలాస్తంభం కొన దాకా ఖాళీ జాగా దాదాపు 17 మీటర్లే. కింద లోయ నేల దాదాపు 880 మీటర్ల లోతున ఉంటుంది. బాల్కమ్ 1984లో ప్రయత్నించి వెనుదిరిగాడు, 1985 జూలై 13న దాటాడు. ఆ రోజు దాటిన దూరం మన ఊళ్లో రెండు ఇళ్ల వాకిళ్ల మధ్య దూరమంత. అయినా ఆధునిక హైలైన్ మొదలు అక్కడే అని లెక్కిస్తారు.

ఆ తర్వాతి నలభై ఏళ్లలో దూరాలు మీటర్ల నుంచి కిలోమీటర్లకు పెరిగాయి. 2021లో స్వీడన్ ఉత్తరాన లాప్పోర్టెన్ లోయ మీద జర్మన్ బృందం 2,130 మీటర్ల లైన్ నడిచింది. 2022 మే నెలలో ఫ్రాన్స్‌కు చెందిన నతాన్ పోలాన్ మోన్ సాన్ మిషెల్ దగ్గర 2,200 మీటర్లు దాటాడు. 2021 డిసెంబరులో బ్రెజిల్ వాసి రఫాయెల్ బ్రిడీ 1,901 మీటర్ల ఎత్తున రెండు వేడిగాలి బెలూన్ల మధ్య నడిచాడు. 2024 జూలైలో ఎస్టోనియాకు చెందిన యాన్ రోసె ఇటలీలోని మెస్సీనా జలసంధి మీద 3,646 మీటర్ల లైన్‌పై నడిచి అవతలి ఒడ్డు చేరాడు. కాని చివరికి 80 మీటర్ల దూరంలో ఒకసారి పడటంతో అది రికార్డు కాలేదు. పడి లేచి గమ్యం చేరడం వేరు, పడకుండా దాటడం వేరు అని ఈ క్రీడ ఖచ్చితంగా గీత గీస్తుంది. క్రీడ ప్రమాణాలు చూసే అంతర్జాతీయ స్లాక్‌లైన్ సంఘం 2015లో స్విట్జర్లాండ్ కేంద్రంగా ఏర్పడింది.

తెలుగునాట తాడు, గడ, మోకు

తెలుగు పల్లెకు తాటినడక కొత్తది కాదు. దొమ్మరాటలో రెండు జతల వెదురు గడల్ని కత్తెరలా నిలిపి, వాటి మీదుగా తాడు లాగి, రెండు కొసల్నీ నేలలో దిగేసిన మేకులకు కట్టేవారు. పైన నడిచేది తరచూ ఆడపిల్లే. కింద డోలు మోగుతుండేది, ఆ దెబ్బకు తగ్గట్టే అడుగు పడేది. నిలువు గడ ఎక్కి కొనమీద విన్యాసాలు చేయడాన్ని గడసాము అన్నారు. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శ్రీశైలం శివరాత్రి వేడుకల్ని వర్ణిస్తూ గడలపై ఆడేవారిని పేర్కొన్నాడు. 1909లో వెలువడిన థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలోనూ దొమ్మరుల సాము విద్యల ప్రస్తావన ఉంది. హైదరాబాద్ శివారులోని దొమ్మర పోచంపల్లి, కడప జిల్లాలోని దొమ్మర నంద్యాల ఆ పేరును నేటికీ మోస్తున్నాయి.

దొమ్మరాటను, హైలైన్‌ను పక్కపక్కన పెడితే తేడా రక్షణ తాడులోనే కనిపిస్తుంది. దొమ్మరి పిల్లకు నడుమున తాడు లేదు. మేకు ఊడితే ఆదుకునేది కింద నిల్చున్న తండ్రి చేతులే. హైలైన్‌లో నడిచేవారికి జీను (హార్నెస్), దాని నుంచి లైన్ మీది ఉంగరానికి తాడు తప్పనిసరి. ఈ రెంటికీ మధ్య మెట్టులా నిలిచే పనిముట్టు ఒకటి నిజామాబాద్ పల్లెల్లో రోజూ కనబడుతుంది. అదే కల్లుగీత కార్మికుడి మోకు. తాటిచెట్టునూ నడుమునూ కలిపి చుట్టిన మోకు మీద వెనక్కి వాలి రెండు చేతులూ పనికి వదిలేయడమంటే, శరీర బరువును కట్టుకు అప్పగించడమే. మోకు జారి కార్మికులు పడిపోవడం తరచూ జరుగుతుండటంతో తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్ష పేరుతో భద్రతా కిట్లు పంచడం మొదలుపెట్టింది. కొండలెక్కేవారి జీను, తాడు, కొక్కెం అలా తాటివనంలోకి వచ్చాయి.

పర్వతారోహణలో నిజామాబాద్ జిల్లాకు ప్రపంచస్థాయి పేరు తెచ్చినది మాలావత్ పూర్ణ. పాకాల గ్రామానికి చెందిన ఈ గిరిజన బాలిక సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగా 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతోపాటు ఎక్కాడు. వాళ్ల తొలి శిక్షణ హిమాలయాల్లో కాదు, భువనగిరి ఏకశిల మీద జరిగింది. తాడును నమ్మడం, ముడి సరిచూసుకోవడం, రాయి పట్టు తెలుసుకోవడం అక్కడే నేర్చుకున్నారు. హైలైన్ కట్టేవారికి కావలసిన మొదటి పాఠాలూ అవే.

బాల్కొండ వైపు శిల

నిజామాబాద్ నుంచి పడమరకు, బోధన్ వైపు పోతే నల్లరేగడి, చెరుకు చేలు, చదును నేల. ఈశాన్యానికి ఆర్మూర్ దారి పట్టి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి తిరిగితే నేల రూపు మారిపోతుంది. ఆర్మూర్ పక్కన నవనాథ సిద్ధుల గుట్ట, నల్లబడిన గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలుస్తుంది. ఇంకా ముందుకు పోతే బాల్కొండ గుట్ట, దానిమీద పాత కోట. ఆ దాపునే పోచంపాడు దగ్గర గోదావరి మీద శ్రీరామసాగర్ ఆనకట్ట ఉంది.

ఈ గుట్టలు దక్కన్ గ్రానైట్. వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోతుల్లో చల్లారి గట్టిపడిన శిలాద్రవం, పైనున్న పొరలు కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక బయటపడింది. మీది భారం తగ్గేసరికి రాయి వ్యాకోచించి ఉల్లిపొరల్లా పలకలు పలకలుగా చీలింది. అడ్డంగా నిలువుగా పడిన పగుళ్లలోకి నీరు దిగి మూలల్ని మెల్లగా అరగదీసింది. చదరపు దిమ్మెలు గుండ్రని గుండ్లయ్యాయి. నడుమ మట్టి కొట్టుకుపోయి గుండు మీద గుండు నిలిచింది. ఎవరో రాక్షసుడు ఎత్తి పెట్టినట్టు కనిపించే గుండ్లు నిజానికి ఎక్కడినుంచీ వచ్చినవి కావు, అక్కడే పుట్టి అక్కడే మిగిలినవి.

హైలైన్‌కు ఈ చరిత్రంతా పనికొచ్చే సమాచారమే. గుట్ట మూలశిలతో ఏకంగా ఉన్న బండ అన్నిటికన్నా నమ్మదగింది. పరుపుబండ మీది పలక పైకి గట్టిగా కనిపించినా అడుగున ఖాళీ ఉండొచ్చు. సుత్తెతో తట్టి చూస్తే తెలిసిపోతుంది: గట్టి రాయి ఖంగుమంటుంది, విడిన పలక డొల్లగా పలుకుతుంది. రాయి కొట్టే వడ్డెర మేస్త్రీలకు ఇది చెవితోనే తెలిసే విద్య. విడిగా కూర్చున్న గుండు విషయంలో బరువుతో పాటు అది కూర్చున్న తీరూ చూడాలి. మూడు మీటర్ల అడ్డుకొలత గల గుండ్రని గ్రానైట్ గుండు 38 టన్నుల దాకా తూగుతుంది. లైన్ లాగే బలం దాని ముందు చిన్నదే. కాని అది వాలు మీద అరచేతంత జాగాలో ఆని ఉంటే ఆ 38 టన్నులే ముప్పు. అలాంటి గుండుకు లైన్ కట్టరు.

కొత్త లైన్ వేయడం

కొత్త లైన్ అంటే అంతకు ముందు ఎవరూ కట్టని జాగాలో కట్టడం. పని ఇంచుమించు ఈ వరుసలో సాగుతుంది.

మొదట జాగా చూడటం. రెండు ఒడ్డులూ దాదాపు ఒకే ఎత్తున ఉండాలి, పడినప్పుడు మనిషి కింది రాతికో పక్క రాతికో తగలకూడదు. దూరాన్ని లేజర్ కొలమానంతో కొలుస్తారు. తర్వాత కట్టు జాగాలు ఎంచుతారు. మూలశిలకు రంధ్రాలు వేసి బోల్టులు దించడం ఒక పద్ధతి. కదలని పెద్ద గుండును స్లింగు అనే బలమైన పట్టీతో చుట్టడం రెండోది. బోల్టుల పద్ధతిలో ఒక్కో ఒడ్డున రెండు మూడు స్టెయిన్‌లెస్ ఉక్కు బోల్టులు వేసి, భారం వాటి మీద సమంగా పడేలా ఒకే బిందువుకు కలుపుతారు. ఒకటి ఊడినా తక్కినవి నిలబెట్టాలన్నది సూత్రం.

బోల్టు దించే పనిలో అందరూ తొందరపడేది, తొందరపడకూడనిది ధూళి దగ్గరే. డ్రిల్లుతో రంధ్రం చేశాక లోపల రాతిపొడి మిగులుతుంది. బ్రష్‌తో తోమి, గొట్టంతో ఊది, మళ్లీ తోమి, మళ్లీ ఊదాలి. పొడి మిగిలితే బోల్టును పట్టించే జిగురు రాతిని పట్టుకోదు, ఆ పొడినే పట్టుకుంటుంది. జిగురు గట్టిపడే దాకా, ఒక్కోసారి ఒక రాత్రంతా, దాన్ని ముట్టుకోరు.

స్లింగు పద్ధతిలో శత్రువు రాపిడి. గ్రానైట్ గరుకు స్ఫటికాలు నైలాన్‌ను ఆకురాయిలా అరగదీస్తాయి. రాయి అంచు తగిలే ప్రతిచోటా పాత తివాచీ ముక్కో మడిచిన గోనెసంచో పెడతారు.

ఇక నవారును అవతలికి చేర్చడం. జాగా చిన్నదైతే సన్నదారానికి బరువు కట్టి విసురుతారు. పెద్దదైతే డ్రోన్ తీసుకెళ్తుంది, లేదా రెండు ఒడ్డుల నుంచీ దారాలు కిందికి వదిలి అడుగున ముడేస్తారు. సన్నదారంతో కాస్త లావు తాడు, ఆ తాడుతో నవారు లాగుతారు. బావిలో పడ్డ చేదను గాలంతో వెతికి తీసినంత ఓపిక కావాలి.

నవారు ఒక్కటే ఉండదు, కింద మరొకటి వదులుగా వేలాడుతుంది. పైది తెగితే భారం కిందిది అందుకుంటుంది. గాలికి రెండూ రెపరెపలాడకుండా కొన్ని మీటర్లకొకచోట టేపు చుట్టి కలుపుతారు. కొసల దగ్గర నవారుకు ముడి వేయరు, ఎందుకంటే ముడి దాని బలాన్ని బాగా తగ్గిస్తుంది. వెబ్‌లాక్ అనే లోహపు బిళ్లలో మడిచి పట్టిస్తారు. చివరగా కప్పీలతో లాగి బిగించి, కట్టు మొత్తాన్ని ఇద్దరు విడివిడిగా సరిచూస్తారు.

బిగింపు లెక్క

తడి దుప్పటిని దండెం మీద ఆరేసిన వారికి హైలైన్ భౌతికశాస్త్రం సగం తెలిసినట్టే. దండెం వదులుగా ఉంటే దుప్పటి కుంగుతుంది, మేకు మీద భారం తక్కువ. కుంగకూడదని దండెం బిర్రుగా లాగితే మేకే ఊడొస్తుంది.

నడుమ నిల్చున్న మనిషి బరువును లైన్ పొడవుతో గుణించి, కుంగిన లోతుకు నాలుగింతలతో భాగిస్తే లైన్‌లో లాగుడు సుమారుగా వస్తుంది. 30 మీటర్ల లైన్ మధ్యలో 70 కిలోల మనిషి నిలబడగా ఒకటిన్నర మీటరు కుంగితే లాగుడు 350 కిలోలు. మీటరే కుంగితే 525 కిలోలు. అర మీటరుకు బిగిస్తే 1,050 కిలోలు. అదే మనిషి, అదే దూరం. బిగింపు మారినందుకే శిల మీద భారం మూడింతలైంది. 25 మి.మీ. నవారు తెగే బలం సాధారణంగా రెండున్నర నుంచి మూడున్నర టన్నుల మధ్య ఉంటుంది. అందులో చాలా భాగాన్ని వాడకుండా మిగుల్చుకుంటారు. పడినప్పటి కుదుపు, ఎండకు నీరసించిన దారం, కంటికి కనబడని రాపిడి ఆ మిగులు లోంచే తింటాయి.

నడక, పడటం

నడిచేవారు జీను తొడుక్కుని, ఎనిమిది అంకె ముడితో రక్షణ తాడు కట్టుకుంటారు. ఆ తాడు అవతలి కొసన ఉన్న ఉంగరాలు రెండు నవార్లనూ చుట్టి ఉంటాయి, అడుగుతోపాటు వెనకే జరుగుతాయి. ఒడ్డు నుంచి కూర్చునే నవారు మీదికి జరిగి, ఒక పాదం పైకి తెచ్చి లేవడం వాడుక. మోకాళ్లు కాస్త వంచి, చూపు అవతలి కట్టు మీద నిలిపి, ఊపిరి ఆగకుండా నడవాలి. కిందికి చూస్తే కన్నుకు ఆధారం దొరకదు, అందుకే తూకం చెడుతుంది.

పడటం ఈ క్రీడలో తప్పు కాదు, నేర్వాల్సిన విద్య. నవారును చేతుల్తోనో మోకాలి మడతతోనో పట్టుకోవడం మొదటి ఉపాయం. అందకపోతే రక్షణ తాడు మీద వేలాడి, మళ్లీ పైకి ఎగబాకాలి. కొత్తవాళ్ల చేత ఒడ్డు దగ్గరే కావాలని ఈ సాధన చేయిస్తారు. మొదటి ప్రయత్నంలోనే పడకుండా దాటితే ఆన్‌సైట్ అంటారు. పడకుండా పోయి, పడకుండా తిరిగొస్తే లైన్ పూర్తిగా నడిచినట్టు. కొత్త లైన్‌కు పేరు పెట్టే హక్కు సాధారణంగా దాన్ని వేసినవారిది.

స్థానిక ముప్పులు, మర్యాదలు

దక్కన్ గుట్టల మీద మొదటి ముప్పు తేనెటీగలు. కొండతేనె పట్టే పెద్ద ఈగలు నిలువు బండల కింద, గుండ్ల చాటున తుట్టెలు పెడతాయి. డ్రిల్లు అదురు వాటిని రెచ్చగొడుతుంది. నడుమ వేలాడే మనిషికి పరుగెత్తే దారి ఉండదు. తుట్టె కనబడిన గుట్టను వదిలేయడమే మేలు. రెండోది ఎండ. నిజామాబాద్ వేసవిలో 45 డిగ్రీల దాకా కాగుతుంది, బండ మీద అరచేయి ఆనదు, నైలాన్ ఎండకు పాడవుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల ఉరుముల వాన మరో ప్రమాదం: ఎత్తైన గుట్ట మీద ఉన్నవారే పిడుగుకు మొదటి గురి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

ఇక్కడి గుట్టలు ఖాళీ రాళ్లు కావు. సిద్ధుల గుట్ట మీద గుడి ఉంది, బాల్కొండ గుట్ట మీద కోట ఉంది, ఎన్నో గుట్టల మీద దర్గాలో ఊరి దేవతలో ఉన్నారు. కోటగోడకు గాని గుడి రాతికి గాని లైన్ కట్టకూడదు, బోల్టు కొట్టకూడదు. రక్షిత కట్టడాలను పాడుచేయడం 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం కింద, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద నేరం. అడవి భూమైతే అటవీశాఖ అనుమతి, ఊరి గుట్టయితే పంచాయతీ మాట ముందుగా తీసుకోవాలి. శిలలూ వారసత్వమే అన్న ఎరుక తెలంగాణలో కొత్తది కాదు. హైదరాబాద్‌లో గుట్టల్ని క్వారీల నుంచి, కట్టడాల నుంచి కాపాడటానికి 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది. రాయి మీద వేసిన రంధ్రం మానదు. స్లింగుతో సరిపోయే చోట బోల్టు కొట్టకపోవడం, దిగేటప్పుడు టేపు ముక్క కూడా వదలకపోవడం ఈ క్రీడలో మంచి పనివారి గుర్తు.

నేర్చుకునేవారికి

హైలైన్ చదివి కట్టేది కాదు. మొదట మోకాలెత్తు స్లాక్‌లైన్ మీద ముప్పై నలభై మీటర్లు నిబ్బరంగా నడవడం, ఆ తర్వాత శిలారోహణ శిక్షణలో ముడులు, కట్లు నేర్వడం, అనుభవజ్ఞుల లైన్ మీద పడటం సాధన చేయడం, అన్నిటికన్నా చివర సొంతంగా కట్టడం. ఈ వరుసలో ఏ మెట్టూ దాటేయడానికి వీల్లేదు. చాలా బృందాల్లో ఒక వాడుక ఉంది: కొత్త లైన్ మీద మొదట అడుగు పెట్టేది దాన్ని కట్టినవారే.